పెద్దమ్మగారు గెడ్డలో దిగబడిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంటి కారు మాట్లాడేది. ఈ మాట చెబితే మా మనవలు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఇప్పుడు వాళ్ళ కార్లూ మాట్లాడుతున్నాయి, ఎడమకు తిరగమనీ కుడికి తిరగమనీ. మాది అలా దారి చెప్పే కారు కాదు. షెడ్డు దాటి బయటికి రావడమే దానికి అపురూపం. అది నిదానంగా, కాస్త ముక్కుతో, తప్పులేని తెలుగు మాట్లాడేది. తనను తాను 'మేము' అని చెప్పుకునేది. ఎదుటివాళ్ళ మాట నచ్చకపోతే జవాబే ఇచ్చేది కాదు.

మాది గజపతినగరానికి ఆరు మైళ్ళ దూరంలో ఒక ఊరు. ఒకప్పుడు చుట్టూ పదకొండు ఊళ్ళు మావి. తర్వాత జమీందారీల రద్దు చట్టం వచ్చింది, ఊళ్ళు పోయాయి. దానికి నేను ఏడవబోవడం లేదు. మా తాతగారూ ఏడవలేదు. ఉన్న రోజుల్లో ఎలా కూర్చున్నారో పోయాకా అలాగే కూర్చున్నారు, వీపు కుర్చీకి ఆనకుండా. ఊళ్ళ తర్వాత గుర్రాలు పోయాయి, వెండి పోయింది, దివాణంలో పనిచేసేవాళ్ళు పోయారు. మిగిలినవి రెండు. ఒకటి ఆ నల్ల కారు, రెండోది దాని డ్రైవరు.

ఆ కారు ఇంగ్లీషు సీమ నుంచి ఓడ మీద విశాఖపట్నం వచ్చిందట. తెప్పించింది తాతగారి తల్లి కోసం. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, పల్లకీ ఎక్కడం కష్టం. ఆవిడ హయాంలోనే మా డ్రైవరు పన్నెండేళ్ళ వయసులో కారు కడగడానికి చేరి, అక్కడే నడపడం నేర్చుకున్నాడు. ఆవిడ వెనక సీట్లో తెరలు దించుకుని కూర్చుని, దారి పొడవునా ఇతనికి ఉత్తరువులిస్తూ ఉండేదట. నేను పుట్టకముందే ఆవిడ పోయారు. నాకు ఆవిడంటే హాల్లో ఉన్న పటం, అంతే.

నాకు తెలిసేనాటికి, అంటే అరవయ్యో దశకం చివరికి, కారుకు పెట్రోలు పోయించే స్తోమత మాకు లేదు. అయినా డ్రైవరు రోజూ షెడ్డు తెరిచి, నడవని కారును గుడ్డ పెట్టి మెరిసేలా తుడిచేవాడు. మధ్యాహ్నాలు నేను దాని ఫుట్‌బోర్డు మీద కూర్చునేదాన్ని. అప్పుడు బళ్ళు మాట్లాడేవి. మా కారు పేరు పెద్దమ్మగారు. రాజాం నుంచి మా ఊరి మీదుగా గజపతినగరం వెళ్ళే సర్వీసు బస్సు పేరు సంతమ్మ. అది వంకాయలమ్మే మనిషిలా గొంతు పెద్దది చేసుకుని, ఏ ఊళ్ళో ఏ పెళ్ళి తప్పిపోయిందో మోసుకొచ్చేది. గోగునార మోసే లారీకి ఎప్పుడూ రొంపే. అది సగం మాట అని దగ్గి, మిగతా సగం మరిచిపోయేది.

డ్రైవరు పెదవులు కదలకుండా, ముఖం పక్కకు తిప్పి ఆ గొంతులు పలికించేవాడు. అది నువ్వే కదా అని ఒకసారి నిలదీశాను.

"నానేటి పాపగారూ," అన్నాడు, గుడ్డ పిండుతూ. "నాను డ్రైవర్నండి. పెద్దమ్మగారు మాటాడినంత మంచి తెలుగు నాకొస్తాదేటి?"

ఆ వాదనలో నాకు లోపం కనిపించలేదు.

ఇది మా ఇద్దరి ఆట మాత్రమే కాదు. ఆ రోడ్డు మీద డ్రైవర్లందరికీ ఉన్న పద్ధతి. మా వైపు రోడ్డు చాలా ఇరుకు, రెండు పక్కలా వరి మడులు. రెండు బళ్ళు ఎదురుపడితే ఒకటి వెనక్కి నడిచి తీరాలి. నువ్వు వెనక్కి పో అని ఒక మనిషి ఇంకో మనిషితో అంటే కొట్లాట. అందుకని మనుషులు అనేవాళ్ళు కాదు, బళ్ళు అనేవి. ఏదో పెళ్ళికి అరువు పెట్రోలుతో వెళ్ళినప్పుడు నేను కళ్ళారా చూశాను. బస్సు ఎదురుగా వచ్చి ఆగింది. మా డ్రైవరు తల బయటికి పెట్టి, "బావా, మా పెద్దమ్మగారు ఎనక్కి నడవడం నేర్సుకోలేదంటన్నారు," అన్నాడు. బస్సు డ్రైవరు, "మా సంతమ్మకి రాత్రి నుంచీ నడుం నొప్పంట బావా, నానేటి సెయ్యను," అన్నాడు. రెండు బళ్ళూ అలా కాసేపు మర్యాదగా తిట్టుకున్నాయి. ఆఖరికి సంతమ్మే గొణుక్కుంటూ వెనక్కి వెళ్ళింది. డ్రైవర్లిద్దరూ బీడీ ముట్టించుకుని నవ్వుకుంటూ విడిపోయారు. ఎవడి మాటా పోలేదు, ఎవడూ తగ్గలేదు.

ఒక్క తాతగారి ఎదుట మాత్రం కారు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, పెద్దమ్మగారు ఇనుపముక్క అయిపోయేది, డ్రైవరు చేతులు కట్టుకునేవాడు. ఇరవై ఏళ్ళలో ఆయన ముందు 'సిత్తం' తప్ప ఇంకో మాట అని ఎరగడు.

నాకు పదేళ్ళు వచ్చేసరికి మా ఊరి బడి అయిపోయింది. అక్కడ అయిదో తరగతి వరకే. విజయనగరంలో హాస్టలు ఉన్న ఆడపిల్లల హైస్కూలు ఒకటి ఉండేది. అందులో సీటుకు పరీక్ష గజపతినగరంలో పెట్టారు. జూన్ నెల, పది గంటలకు. గంట కొట్టాక ఎవరినీ లోపలికి రానివ్వమని కాగితంలో రాసి ఉంది. ఆడపిల్లను అంతదూరం పంపడమేమిటని చుట్టాలన్నారు. తాతగారు ఒప్పుకున్నదే ఎక్కువ. ఈ పరీక్ష పోతే మళ్ళీ ఆ మాట ఎత్తడానికి లేదని అమ్మ నాకు విడిగా చెప్పింది. నాకు తెలుసు. రాత్రిళ్ళు ఎక్కాలు కలవరించేంతగా తెలుసు.

బస్సులో వెళితే అరగంట. అమ్మ ఆ మాట నెమ్మదిగా అంది. తాతగారు వినలేదు. ఈ ఇంటి పిల్ల మొదటిసారి నలుగురిలోకి వెళుతోంది, కోళ్ళ గంపల మధ్య నుంచి దిగదు, కారులోంచి దిగుతుంది అన్నారు. ఎంత వెతికినా ఒక మైలుకు సరిపడా పెట్రోలు మాత్రమే దొరికింది. దానికి ఆయనే ఉపాయం చెప్పారు. కారుకు ఎడ్లు కట్టాలి. చీకటితోనే బయల్దేరాలి. గజపతినగరం శివార్లో చింతతోపు దగ్గర ఎడ్లు విప్పేసి, అక్కడి నుంచి బడిదాకా ఇంజను మీద వెళ్ళాలి. రోడ్డు మీద అందరూ చూస్తారు గనక పాత బండిదారిన, గెడ్డలోకి దిగి, ఆ వాగు దాటి వెళ్ళాలి.

ఎడ్ల ఆసామి మా ఊరి రైతే. కారు చుట్టూ ఒకసారి తిరిగి, చక్రం మీద అరచేత్తో కొట్టాడు. "బాబూ, గెడ్డలోన ఇసకండి. ఇది నా బండి కాదు, శానా బరువు. సక్రాలు సూడండి, ఎంత పొట్టివో," అన్నాడు. తాతగారు ఆకాశం వైపు చూశారు. ఆసామి తాడు తీసుకుని ముందు ఇరుసుకు కట్టాడు.

ఎడ్లు లాగే కారులో కూర్చున్నవాళ్ళు ఈ లోకంలో ఎక్కువమంది ఉండరు, కాబట్టి చెబుతాను. ఇంజను చప్పుడు ఉండదు. మువ్వల చప్పుడు ఉంటుంది. అద్దంలోంచి చూస్తే నల్లటి బానెట్టు, దాని అవతల రెండు తెల్లటి మూపురాలు. ముందు సీట్లో డ్రైవరు నిజంగా నడుపుతున్నట్టే స్టీరింగు పట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా తిప్పుతున్నాడు. వెనక తాతగారూ నేనూ. ఆయన జరీ తలపాగా పెట్టుకున్నారు. మా ఇద్దరి మధ్య నా పలక, కలం, సిరాబుడ్డి ఉన్న సంచి. నాకు సిగ్గు వేయలేదు. నిజం చెప్పాలంటే ఊరేగుతున్నట్టు అనిపించింది.

గెడ్డ దాకా బాగానే వచ్చాం. ముందురోజు పైన వాన పడిందేమో, పాయలో మోకాలి లోతుకు తక్కువే నీళ్ళు, కింద మాత్రం ఇసుక నాని ఉంది. ఎడ్లు దిగాయి, కారు దిగింది, నడిమధ్యకు వచ్చి ఆగిపోయింది. ఆసామి ఎడ్లను అదిలించాడు, తోక మెలిపెట్టాడు, బతిమాలాడు. అవి మోకాళ్ళ మీద కూలబడ్డాయి గానీ కారు కదల్లేదు. డ్రైవరు డబ్బాలో ఉన్న పెట్రోలు పోసి, హ్యాండిల్ తిప్పి ఇంజను పట్టించాడు. వెనక చక్రాలు ఇసుక చిమ్ముతూ అక్కడికక్కడే గిర్రున తిరిగాయి. తిరిగినకొద్దీ దిగాయి. కాసేపటికి పెట్రోలు అయిపోయింది. ఫుట్‌బోర్డు మీదికి నీళ్ళొచ్చాయి.

"దిగబడిపోనాది బాబూ," అన్నాడు ఆసామి. అది మా అందరికీ కనిపిస్తూనే ఉంది.

మాకు వంద గజాల ఎగువన రోడ్డు తాలూకు వంతెన. ఇంకా రెండు మైళ్ళు ఉంది గజపతినగరం. డెబ్భై ఏళ్ళ తాతగారితో ఆ ఇసుకదారిన నడిచి పది గంటలకు చేరడం కాని పని. అప్పుడే వంతెన మీద బస్సు హారను వినిపించింది. అది అక్కడికి వచ్చిందంటే తొమ్మిదిన్నర. ఆ దారిన అందరూ బస్సును బట్టే పొద్దు చెప్పేవాళ్ళు.

బస్సు వంతెన మధ్యలో ఆగింది. జనం ఒక్క వైపుకే ఒరిగి కిటికీల్లోంచి మమ్మల్ని చూశారు. ఎడ్లు, నీళ్ళు, కారు, తలపాగా. బస్సు డ్రైవరు తల బయటికి పెట్టి సంతమ్మ గొంతుతో కేకేశాడు.

"ఏటి పెద్దమ్మగారూ, పొద్దున్నే గెడ్డలోన తానమాడతన్నారేటి? సబ్బు గాని అంపించీమన్నారా?"

బస్సంతా నవ్వింది. మామూలు రోజైతే పెద్దమ్మగారు దానికి గట్టి జవాబే ఇచ్చేది. ఆ రోజు తాతగారు వెనక కూర్చుని ఉన్నారు. మా డ్రైవరు మాట్లాడలేదు. జవాబు రాకపోయేసరికి బస్సు డ్రైవరుకు సంగతి అర్థమైనట్టుంది. నవ్వేవాళ్ళను కసిరాడు. తర్వాత సంతమ్మ గొంతు తగ్గించి అంది. "గజపతినగరం ఎల్లీవోలు ఎవులైనా ఉంటే రండమ్మా. సోటు సేస్తాను. రెండు నిముసాలు సూసి మరెల్లిపోతాను."

"పొమ్మను," అన్నారు తాతగారు.

డ్రైవరు కదల్లేదు. ఆయన రెండోసారి అన్నారు, "పొమ్మని చెప్పవోయ్."

ఆ బస్సు కదిలితే నా చదువు ఆ ఇసుకలోనే ఉండిపోతుంది. కానీ మా ఇంట్లో తాతగారి మాటకు 'కానీ' అన్న పిల్ల లేదు, పెద్దా లేదు. ఆయనతో అనలేను. డ్రైవరుతో అనీ లాభం లేదు, అతను 'సిత్తం' మనిషి. ఎలా తోచిందో ఇప్పటికీ తెలియదు. ముందు సీటు వీపు మీద చెయ్యి వేసి కారునే అడిగాను.

"పెద్దమ్మగారూ, మీరేమంటారు?"

డ్రైవరు మెడ నాకు కనిపిస్తోంది. చెమట కాలరులోకి దిగుతోంది. అతను స్టీరింగును రెండు చేతులా పట్టుకుని ఎదురుగా ఎడ్ల వైపే చూస్తున్నాడు. నేను అడిగింది ఎంత పెద్ద కోరికో పదేళ్ళ పిల్లకు ఏం తెలుస్తుంది. పెళ్ళాం, నలుగురు పిల్లలు, మా పెరట్లో గుడిసె. ఒక్క మాటతో అవన్నీ పోవచ్చు. నేను ఆశ వదులుకున్నాను.

అప్పుడు కారు మాట్లాడింది.

"ఒరే అబ్బాయీ."

తాతగారి చేతికర్ర జారి నా కాళ్ళ మీద పడింది. ఆయన ముఖం ఒక్కసారిగా చిన్నపిల్లవాడి ముఖంలా అయిపోవడం చూసి నాకు భయం వేసింది.

"ఇసుకలో దిగబడినది మేము," అంది కారు, తన మామూలు నిదానంతో. "పిల్ల దిగబడలేదు కదా. దాన్ని మాతో ఎందుకు కూర్చోబెట్టావు?"

డ్రైవరు వెనక్కి తిరగలేదు. తాతగారి చూపు డ్రైవరు మీద లేదు, వెనక సీటు కిటికీకి ఉన్న పాత తెర మీద ఉంది.

"నలుగురూ చూస్తారమ్మా," అన్నారు.

"చూడనీ. నువ్వు మా పక్కన ఎలా నడిచేవాడివో అలా నడు. చూసేవాళ్ళే తలలు దించుకుంటారు."

"అలాగేనమ్మా," అన్నారు తాతగారు.

తలుపు తెరిచి ముందు ఆయనే దిగారు. నన్ను ఆసామి ఎత్తుకోబోతే వద్దని, సంచి నా భుజాన తగిలించి, తానే చెయ్యి పట్టుకుని దింపారు. పంచె మోకాళ్ళ దాకా తడిసింది, దాన్ని ఎత్తి పట్టుకోలేదు. చెప్పులు ఇసుకలో ఊడిపోయాయి, వంగి తీసుకోలేదు. వంద గజాలు అలా నడిచి, గట్టు ఎక్కి, బస్సు ముందు నిలబడ్డారు. నేను కిటికీల వైపు చూశాను. కారు చెప్పినట్టే, అక్కడ ఒక్క నవ్వు లేదు. బస్సు డ్రైవరు తన సీట్లోంచి దిగి వచ్చి తుండు నడుముకు చుట్టుకున్నాడు. ముందు వరసలో ముగ్గురు లేచి నిలబడ్డారు. తాతగారు నన్ను కూర్చోబెట్టి, ఒక ముసలమ్మను నా పక్కన కూర్చోబెట్టి, తాను పైనున్న కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. గజపతినగరం దాకా నిలబడే వచ్చారు. కాళ్ళకు చెప్పుల్లేకుండా, తల మీద జరీ తలపాగాతో, తడిసిన పంచెతో. నేను అంత గొప్పగా ఉన్న మనిషిని మళ్ళీ చూడలేదు.

బడి గేటు దగ్గర మేం దిగేసరికి గంట కొట్టేవాడు సుత్తి చేతిలోకి తీసుకుంటున్నాడు. నేను లోపలికి పరుగెత్తాను. పరీక్ష బాగా రాశాను. సీటు వచ్చింది. ఆ సీటు లేకపోతే నేను ఏమయ్యేదాన్నో ఆలోచించవలసిన అవసరం నాకు ఎప్పుడూ కలగలేదు.

కారును సాయంత్రానికి ఇరవైమంది కలిసి బయటికి లాగారు. ఆ రాత్రి మా మామ్మకు జరిగినదంతా చెప్పాను, కారు అన్న మాటలు కారు గొంతుతోనే అని వినిపించాను. మామ్మ చేతిలో పని ఆగిపోయింది. "మళ్ళీ అను," అంది. అన్నాను. "అది మా అత్తగారి గొంతు. అచ్చంగా అలాగే, ముక్కుతో అనేది," అంది. ఇన్నాళ్ళూ షెడ్డులో నేను వింటున్నది ఎవరి మాటో నాకు అప్పుడు తెలిసింది. పన్నెండేళ్ళ పిల్లాడు వెనక సీట్లోంచి విన్న ఉత్తరువులను అలాగే దాచుకున్నాడు. తాతగారికి ఉత్తరువు ఇవ్వగలిగిన ఒకే ఒక్క మనిషి ఆవిడ.

మర్నాడు పొద్దున్నే తాతగారు షెడ్డుకు వెళ్ళారు. డ్రైవరు అప్పటికే పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. యజమానిని 'ఒరే' అన్నాక ఇంక ఉండమంటారని అతను అనుకోలేదు. నేను కారు అవతలి పక్కన నక్కి నిలబడ్డాను.

"నిన్న గెడ్డలో మాతో ఎవరో మాట్లాడారు," అన్నారు తాతగారు. "నువ్వు విన్నావా?"

డ్రైవరు నేల చూపులు చూశాడు. "నాను ఇన్లేదండి బాబూ."

"మేము విన్నాం," అన్నారు తాతగారు. కారు బానెట్టు మీద ఎండిన బురదను వేలితో తడిమి, "ఇంకా ఇలాగే ఉందేమిటి, తుడువు," అని లోపలికి వెళ్ళిపోయారు.

మా డ్రైవరు పెట్టె విప్పేశాడు. ఆ తర్వాత కూడా తాతగారి ఎదుట కారు ఎన్నడూ నోరెత్తలేదు. ఎత్తే అవసరం రాలేదు.

నేను చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను, చివరికి ఒక హైస్కూలుకు హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. నా వీపు మా తాతగారి వీపే. తప్పు చేశానని ఎవరైనా ముఖాన చెబితే ఒప్పుకోవడం నాకు చేతకాదు, ఒప్పుకున్నట్టు నటించనూ లేను. అది మా స్కూల్లో అందరికీ తెలుసు, అందరికంటే బాగా మా అటెండరుకు తెలుసు. ఒకసారి ఏడో తరగతి పిల్లలను వానలో మైదానంలో నిలబెట్టి నేను ఉపన్యాసం సాగదీస్తున్నాను. అతను మెల్లగా వచ్చి నా వెనక నిలబడి, "అమ్మా, గంట అడుగుతున్నాది, నన్ను మర్సిపోనారేటని," అన్నాడు. పక్కనున్న టీచర్లు నవ్వు ఆపుకున్నారు. ఇతనికి ఎంత ధైర్యమని నేను అడగలేదు. పిల్లలు తడుస్తున్నారా లేదా అన్నదే చూశాను. తడుస్తున్నారు.

"మరిచిపోయాను, క్షమించమను," అన్నాను. "కొట్టెయ్."